ఇంట్లో వ్యాధినిరోధక శక్తి తగ్గినవారు ఉన్నప్పుడు, మహమ్మారి కాలంలో తిరిగి ఉద్యోగానికి వెళ్లడం ఎలా

2021 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లో బడులు తిరిగి తెరిచారు. ఏప్రిల్, మే నెలల ఉద్ధృతిలో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లలో ఇంకా సంవత్సరీకాలైనా రాలేదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే నాకు ఆ రోజు నుంచి హాజరు తప్పనిసరి అయింది. ఇంట్లో మా అత్తయ్యగారికి అప్పటికి మూడేళ్ల కిందట మూత్రపిండ మార్పిడి జరిగింది. కొత్త మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా ఆమె టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ రోజూ వాడాలి, ఆ మందులు చేసే పనే వ్యాధినిరోధక శక్తిని అణచి ఉంచడం. జీతం మీద నడిచే ఇల్లు కనుక వెళ్లాలా వద్దా అని ఆలోచించే వీలు మాకు లేకపోయింది. ఎలా వెళ్లాలన్నదే తేల్చుకోవలసి వచ్చింది. అప్పుడు మేము పాటించినవీ, తప్పు చేసి దిద్దుకున్నవీ, వైద్యులను అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినా వైరస్ మన మధ్యనే ఉంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు, డయాలిసిస్‌కు వెళ్లేవారు ఉన్న ఇళ్లకు ఈ జాగ్రత్తలతో ఇంకా పని ఉంది.

మొదటి రెండు వారాలు మేము అత్తయ్యగారిని పడకగదిలోనే ఉంచాం. కంచం గుమ్మం దగ్గర పెట్టి, పలకరింపులన్నీ తలుపు బయటి నుంచే కానిచ్చాం. ఆమె నడక తగ్గింది, తిండి తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. ఒక సాయంత్రం ఆమె, "ఊరంతా తిరిగి వచ్చేది నువ్వు, గదిలో ఉండాల్సింది నేనా అమ్మాయ్?" అని అడిగారు. కోపంగా అనలేదు, అయినా మా వద్ద జవాబు లేదు. వైరస్ ఇంట్లోకి వచ్చేది బయటికి వెళ్లి వచ్చే మనిషితో కనుక, కట్టుబాట్ల బరువులో ఎక్కువ భాగం ఆ మనిషే మోయాలని ఆ రోజు నిర్ణయించుకున్నాం. కింద రాసిన సూచనలన్నీ ఆ నిర్ణయం నుంచి పుట్టినవే.

ఉద్యోగంలో చేరే ముందు వైద్యుణ్ణి అడగవలసినవి

అరవై దాటినవారు, మధుమేహం, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, వీరందరికీ ముప్పు ఎక్కువే. అయితే వ్యాధినిరోధక శక్తిని అణచే మందులు వాడేవారి సంగతి వేరు. టీకా వేయించుకున్నా వారిలో చాలామందికి తగినంత రక్షణ ఏర్పడదు, అందుకే వారికి అదనపు డోసులు సూచిస్తారు. కనుక "టీకా వేయించాం కదా" అన్న ధైర్యంతో మన జాగ్రత్తలను సడలించుకోకూడదు. ఆ లోటును పూడ్చగలిగేది చుట్టూ ఉన్నవారి టీకాలే. ఇంట్లో ప్రతి ఒక్కరూ, వీలైతే పనిమనిషి కూడా, డోసులన్నీ పూర్తి చేసుకోవాలి. చివరి డోసు తరువాత కనీసం 14 రోజులు గడిచాక చేరేలా చూసుకోగలిగితే మంచిది. టీకా వల్లనే జబ్బు వస్తుందేమోనని మార్పిడి రోగులు భయపడటం నేను చూశాను. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్, కోవిషీల్డ్‌లో ఉన్నది మన శరీరంలో పెరగలేని వైరస్. రెండూ కోవిడ్ జబ్బును తేలేవు. ఏ డోసు ఎప్పుడు వేయించాలన్నది మాత్రం మార్పిడి చూస్తున్న వైద్యుడే చెప్పాలి.

ఆ వైద్యుణ్ణి మరో నాలుగు విషయాలు ముందే అడిగి కాగితం మీద రాసుకోవాలి. జ్వరం వస్తే రాత్రి వేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలి? కోవిడ్ తేలితే మార్పిడి మందుల్లో వేటిని తగ్గించాలి, ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? ఏ ఆస్పత్రిలో చేర్చాలి? డయాలిసిస్ రోగి అయితే, కోవిడ్ సోకిన రోజుల్లో డయాలిసిస్ ఎక్కడ చేస్తారు? చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. కోవిడ్ సోకిన రోగిని మామూలు డయాలిసిస్ గదిలోకి రానివ్వరు, డయాలిసిస్ వాయిదా వేస్తే రోగి తట్టుకోలేరు. ఆ రోజు వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. టాక్రోలిమస్ వంటి మందును భయంతో సొంతంగా ఆపేయడం ఎంత ప్రమాదమో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూత్రపిండాన్నే పోగొట్టుకోవలసి రావచ్చు.

పై అధికారికి ఏమి రాయాలి

కోవిడ్ కాలంలో కేంద్ర ప్రభుత్వం గర్భిణులకు, దివ్యాంగులకు కార్యాలయ హాజరు నుంచి మినహాయింపులు ఇచ్చింది. అవి ఉద్యోగి సొంత పరిస్థితిని చూసి ఇచ్చినవి. ఇంట్లో రోగి ఉన్నవారికి అటువంటి రక్షణ దొరకడం కష్టం కనుక, మినహాయింపు కోరడం కంటే చిన్న చిన్న సర్దుబాట్లు కోరడం మేలని నా అనుభవం. "జాగ్రత్తలు తీసుకోవాలని మనవి" అని రాస్తే అధికారి సరేనని పక్కన పెడతారు. ఏ కుర్చీ, ఏ గంట, ఏ గది అన్నది స్పష్టంగా రాస్తే ఆయనకు ఒప్పుకోవడం సులువవుతుంది. నేను రాసిన లేఖ సారాంశం ఇది. మీ ఉద్యోగానికి తగినట్లు మార్చుకోవచ్చు.

"ప్రధానోపాధ్యాయులవారికి నమస్కారములు. మా అత్తయ్యగారు మూత్రపిండ మార్పిడి చేయించుకుని వ్యాధినిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారు. వైద్యుల ధ్రువపత్రం జతపరుస్తున్నాను. నా బోధనా గంటల్లో తగ్గింపు కోరడం లేదు. కిటికీలు ఎదురెదురుగా ఉన్న గదిని నా తరగతులకు కేటాయించవలసిందిగా, సిబ్బంది సమావేశాలను వరండాలో గాని చెట్టు కింద గాని జరపవలసిందిగా, భోజన విరామంలో నేను ఆరుబయట కూర్చోవడానికి అనుమతించవలసిందిగా, జ్వరం ఉన్న పిల్లలను బడికి పంపవద్దని తల్లిదండ్రులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

కంప్యూటర్ మీద పని చేసేవారైతే వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని, రద్దీ లేని వేళకు మార్చిన షిఫ్టు, మూసిన గదిలో సమావేశం ఉన్నప్పుడు సొంత కుర్చీ నుంచే ఫోన్‌లో పాల్గొనే వీలు అడగవచ్చు. దుకాణంలోనో కర్మాగారంలోనో పని చేసేవారికి బేరమాడే బలం తక్కువ. వారు కనీసం గాలి తగిలే చోట నిలబడే పనిని, విడిగా భోజనం చేసే అవకాశాన్ని అడగాలి. నోటిమాటతో వదిలేయకుండా కాగితం మీద ఇచ్చి, ఒక ప్రతి దాచుకోండి. ఈఎస్ఐ పరిధిలోని ఉద్యోగులు తమకే జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య ప్రయోజనంగా పొందే హక్కు ఉందని గుర్తుంచుకోవాలి. జీతం పోతుందన్న భయంతో జ్వరాన్ని దాచి పనికి వెళ్లవలసిన అవసరం దానితో కొంత తగ్గుతుంది.

గాలి సంగతి

మొదటి ఉద్ధృతిలో మేమందరం పాల ప్యాకెట్లు కడిగాం, కూరగాయలను ఉప్పునీళ్లలో నానబెట్టాం, కరెన్సీ నోట్లను ఇస్త్రీ చేసినవారూ ఉన్నారు. ఆ శ్రమలో చాలా భాగం వృథా. కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది. వస్తువులను ముట్టుకోవడం వల్ల సోకే అవకాశం ఉన్నా అది చాలా తక్కువ. మాట్లాడినప్పుడు, పాడినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు కూడా కంటికి కనిపించని తుంపరలు బయటికి వస్తాయి. పెద్దవి నేల మీద పడిపోతాయి, సన్నవి గాలిలో గంటల తరబడి తేలుతూ ఉండగలవు. వాటిని అగరుబత్తి పొగలా ఊహించుకోండి. మూసిన గదిలో ఆ మూల వెలిగించిన అగరుబత్తి వాసన కాసేపటికి ఈ మూలకూ వస్తుంది కనుక ఆరు అడుగుల దూరం ఒక్కటే కాపాడదు. అదే అగరుబత్తిని పెరట్లో వెలిగిస్తే నాలుగడుగుల అవతలకే వాసన పలచబడుతుంది.

ఈ పోలికను నేను పరీక్షగానే వాడాను. బడి తెరిచే ముందు రోజు నా తరగతి గదిలో ఒక అగరుబత్తి వెలిగించి, ఆర్పి, వాసన పోవడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. తలుపు ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు అరగంట దాటినా వాసన వదల్లేదు. ఆ గదికి నాలుగు కిటికీలున్నాయి, కానీ వెనుక గోడవైపు రెండింటికి పాత బీరువా అడ్డం. బీరువాను పక్కకు జరిపించి, కిటికీలు నాలుగూ తెరిచి, ఫ్యాన్లు వేస్తే కొద్ది నిమిషాల్లో వాసన పోయింది. ఇది ముతక లెక్కే. డబ్బు పెట్టగలిగిన కార్యాలయం కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరం కొనవచ్చు. ఆరుబయట గాలిలో అది పది లక్షల భాగాలకు 420 భాగాల దాకా ఉంటుంది. గదిలో 1,000 దాటిందంటే ఒకరు వదిలిన ఊపిరినే మరొకరు ఎక్కువగా పీలుస్తున్నారని అర్థం, 800 లోపు ఉంటే గాలి బాగానే ఆడుతున్నట్లు.

ఏసీ గదుల విషయంలో చాలామంది పొరబడతారు. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుంది. కిటికీలు మూసి ఏసీ వేసిన చిన్న గదిలో పదిమంది కూర్చుంటే అది గాలి విషయంలో మూతపెట్టిన డబ్బాతో సమానం. ఏసీ తప్పనిసరైతే రెండు వైపులా కిటికీలను కొంత తెరిచి ఉంచి కరెంటు ఖర్చు భరించాలి, గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాలి, లేదా హెపా ఫిల్టరున్న గాలిశుద్ధి యంత్రం ఉంచాలి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టగలదు. అయితే గది పరిమాణానికి తగిన యంత్రం కాకపోతే ప్రయోజనం ఉండదు.

పనిచోట ముప్పు ఎక్కువగా పని వేళల్లో ఉంటుందని అనుకుంటాం. నేను గమనించినంతలో అది భోజన విరామంలో ఉంటుంది. పొద్దుట నుంచీ మాస్కుతో జాగ్రత్తగా ఉన్నవారే మధ్యాహ్నం చిన్న స్టాఫ్ రూములో గుండ్రంగా కూర్చుని, మాస్కులు తీసి, కూరలు పంచుకుంటూ, నవ్వుతూ గట్టిగా మాట్లాడుకుంటారు. నేను వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద ఒంటరిగా తినేదాన్ని. మొదట్లో సహోపాధ్యాయులు నొచ్చుకున్నారు, పచ్చడి తెచ్చి నా డబ్బాలో వేయబోయి ఆగిపోయినవారు కూడా ఉన్నారు. కారణం దాచకుండా చెప్పాను. నెల తిరిగేసరికి మరో ముగ్గురు దూరం దూరంగా ఆ చెట్టు కిందికే వచ్చారు. వాన రోజుల్లో వరండా చివరన తినాలి. అదీ కుదరకపోతే అందరూ తిని వెళ్లి, కిటికీలు తెరిచి ఉంచి, కాసేపు ఆగాక తినాలి. టీ విషయంలో కూడా ఇదే పద్ధతి.

మాస్కు

గుడ్డ మాస్కు, చీరకొంగు, చున్నీ, ఇవేవీ ఇటువంటి ఇంటికి చాలవు. ఎన్‌95 గాని, ఐఎస్ 9473 ప్రమాణం కింద ఐఎస్ఐ ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 గాని వాడాలి. మంచి మాస్కు కూడా ముఖానికి అతుక్కోకపోతే గాలి పక్కల నుంచి దూరిపోతుంది. పెట్టుకున్నాక రెండు చేతులతో చుట్టూ మూసి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లవైపు గాని చెంపలవైపు గాని గాలి తగిలితే ముక్కు మీది కమ్మీని మళ్లీ నొక్కాలి, అప్పటికీ తగిలితే ఆ మాస్కు మీ ముఖానికి సరిపోలేదు. చెవులకు తగిలించే రకం కంటే తల వెనుకకు లాగి కట్టుకునే రకం బిగుతుగా నిలుస్తుంది. ఒత్తయిన గడ్డం ఉంటే మాస్కు అంచు కూర్చోదు కనుక పురుషులు గడ్డం తీసివేయడమే మంచిది. కవాటం ఉన్న మాస్కు వద్దు. మనం వదిలే గాలిని అది వడకట్టదు. ఎన్‌95ను నీళ్లలో ఉతికితే దానిలోని విద్యుదావేశం పోయి వడకట్టే గుణం తగ్గిపోతుంది. రోజుకొకటి కొనలేనివారు ఐదు మాస్కులను ఐదు కాగితపు సంచుల్లో పెట్టి, సంచి మీద వారం పేరు రాసుకుని, వంతులవారీగా వాడవచ్చు. తాడు వదులైనా, తడిసినా, మురికిపట్టినా పారవేయాలి.

రోజుకు ఐదు పీరియడ్లు ఎన్‌95తో పాఠం చెప్పడం నిజంగా కష్టం. వారం తిరిగేసరికి నా గొంతు పట్టేసింది. నడుముకు తగిలించుకునే చిన్న మైకు కొనుక్కున్నాక ఆ బాధ తీరింది. గట్టిగా అరవనక్కర లేకపోవడం వల్ల నేను వదిలే తుంపరలు కూడా తగ్గాయి. మంచినీళ్లు తాగాలంటే తరగతి బయటికి వచ్చి తాగేదాన్ని. నీళ్లు తాగడం మానేయడం పరిష్కారం కాదు; మాస్కు తీయడానికి బెరుకుతో రోజంతా దాహంతో ఉండి మూత్రనాళ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్న ఉపాధ్యాయినులు ఉన్నారు.

రాకపోకలు

సొంత ద్విచక్రవాహనం అన్నిటికంటే మేలు. అది లేకపోతే, ఏసీ బస్సు కంటే కిటికీలు తెరిచిన పల్లెవెలుగు నయం. కిటికీ పక్క సీటు, మాస్కు, ఫోన్‌లో మాట్లాడకుండా ఉండడం, ఈ మూడూ పాటిస్తే గంట ప్రయాణం పెద్ద భయం కాదు. బస్సు కిక్కిరిసి వస్తే మరుసటి బస్సు కోసం ఆగడానికి వీలుగా ఇంటి నుంచి పావుగంట ముందే బయలుదేరాలి. షేర్ ఆటోలో అంచున కూర్చోవాలి. కారులో నలుగురు కలిసి వెళ్తే కిటికీలు దించే ఉండాలి, ఎండాకాలమైనా సరే.

ఇంటికి వచ్చాక

చేతులు సబ్బుతో 20 సెకన్ల పాటు కడుక్కోండి. కోవిడ్ మాట ఎలా ఉన్నా, మార్పిడి మందులు వాడేవారికి ఇతర ఇన్ఫెక్షన్లు సోకకుండా ఉండాలన్నా ఈ అలవాటు తప్పదు. స్నానం చేసి బట్టలు మార్చుకుంటే మనసుకూ హాయి. అంతకు మించి సంచులు తుడవడం, చెప్పులు కడగడం, ఇంటికి బ్లీచింగ్ చల్లడం వంటివాటి మీద శక్తి ఖర్చు చేయకుండా, మిగిలిన ఓపికను కిటికీల మీద పెట్టండి.

రోగి పడుకునే గదికి రెండు వైపుల నుంచి గాలి రావాలి. ఒకే కిటికీ ఉంటే టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో బయటికి తిప్పి పెడితే గదిలోని గాలి బయటికి పోయి, తలుపు వైపు నుంచి కొత్త గాలి వస్తుంది. అయితే ఆ తలుపు జ్వరం వచ్చిన మనిషి ఉన్న గదివైపు తెరుచుకోకుండా చూసుకోవాలి. ఉమ్మడి స్నానాలగది అయితే పొద్దున్న రోగి ముందు వాడుకోవాలి. మిగిలినవారు వాడాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తూనే ఉండాలి. మేము రాత్రి భోజనాలను డాబా మీదికి మార్చాం. అత్తయ్యగారు పిట్టగోడ పక్కన కుర్చీలో, మేము ఎదురుగా చాప మీద, మాస్కులు లేకుండా మాట్లాడుకుంటూ తినేవాళ్లం. గదిలో ఒంటరిగా తిన్న రోజుల కంటే ఆమె ఒక ముద్ద ఎక్కువే తిన్నారు. దోమలకు ఫ్యాన్, వానకు వరండా, చలికి శాలువా, ఇంతే ఏర్పాటు. బీపీ చూడడం, తల దువ్వడం వంటి దగ్గరి పనులను, ఉద్ధృతి ఎక్కువగా ఉన్న వారాల్లో, మాస్కు పెట్టుకుని చేసేదాన్ని.

ఈ కట్టుబాట్లను ఏడాది పొడవునా ఒకే బిగువుతో పాటించలేం, పాటించనక్కర లేదు కూడా. బిగించే రోజులు, సడలించే రోజులు ఉండాలి. వార్తల్లో జిల్లా అంకెలు రావడానికి ముందే పనిచోటే మనకు సంకేతాలు ఇస్తుంది. నా తరగతిలో ఒకే వారంలో ముగ్గురు పిల్లలు జ్వరంతో మానేస్తే పది రోజుల పాటు ఇంట్లో కూడా మాస్కు, విడి గదిలో పడక మొదలుపెట్టేవాళ్లం. ఏమీ లేకుండా పక్షం గడిస్తే సడలించేవాళ్లం. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు సడలించాలో అత్తయ్యగారితో కూర్చుని తేల్చుకున్నాం. ముప్పు ఆమెది కనుక మాట కూడా ఆమెదే చెల్లాలి. ఒకసారి మేము వద్దన్నా ఆమె మనవరాలిని దగ్గరికి తీసుకుని పడుకోబెట్టుకుంటానన్నారు. కిటికీలు తెరిచి సరేనన్నాం.

బడి తెరిచిన నెల శ్రావణం, పెళ్లిళ్ల రోజులు. బంధువుల పెళ్లికి వెళ్లకపోతే మాట వస్తుంది, భోజనం చేయకుండా వస్తే ఇంకా బాధపడతారు. ఇంటి నుంచి ఒక్కరే వెళ్లి, అక్షింతలు వేసి, మాస్కు తీయకుండా తిరిగి వచ్చి, కొత్త దంపతులను తరువాత మా అరుగు మీదికి భోజనానికి పిలిచేవాళ్లం. ముందుగా ఫోన్ చేసి కారణం చెబితే నొచ్చుకున్నవారు తక్కువ.

గొంతు నొప్పి మొదలైన రోజు

ఏ ఏర్పాటు చేసినా ఈ రోజు రావచ్చునని ముందే ఒప్పుకుని, పథకం సిద్ధం చేసుకోవాలి. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మన నుంచి ఇతరులకు సోకవచ్చు కనుక, గొంతులో గరగర అనిపించిన క్షణం నుంచి ఇంట్లో అందరూ మాస్కు పెట్టుకోవాలి, కిటికీలన్నీ తెరవాలి. జబ్బుపడినవారే విడిగా వెళ్లాలి. వేరే గది, డాబా మీది గది, ఖాళీగా ఉన్న బంధువుల ఇల్లు, ఏది వీలైతే అది ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఒకే గది ఉన్న ఇంట్లో ఈ సలహా ఎంత కష్టమో నాకు తెలుసు. అటువంటివారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, రోగిని కొన్నాళ్లు ఎవరి ఇంట్లో ఉంచగలమో ఒకరిద్దరిని అడిగి పెట్టుకోవాలి. జ్వరం వచ్చాక పంపితే వైరస్‌ను కూడా వెంట పంపే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే మాత్రం దాన్ని పట్టుకుని ఊరట పడకూడదు. ఆర్‌టీ–పీసీఆర్ చేయించాలి, లేదా 48 గంటల తరువాత మళ్లీ చూసుకోవాలి. రోగికి ఏ చిన్న లక్షణం కనిపించినా అదే రోజు వైద్యుడికి ఫోన్ చేయాలి. వైరస్‌ను అడ్డుకునే మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి. "రెండు రోజులు చూద్దాం" అంటే ఆ గడువులో సగం పోయినట్లే. అందులో ఒక మెలిక ఉంది. తరువాతి కాలంలో వచ్చిన నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ మాత్రలు టాక్రోలిమస్‌తో కలిస్తే రక్తంలో టాక్రోలిమస్ మోతాదు ప్రమాదకరంగా పెరిగిపోతుంది. మందుల దుకాణంలోనో, తెలియని వైద్యుడి వద్దనో ఆ మాత్రలు తీసుకుని వాడకూడదు. మార్పిడి వైద్యుడికి తెలిసే జరగాలి. స్టెరాయిడ్ల విషయంలో కూడా అంతే. 2021 వేసవిలో మధుమేహం ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా స్టెరాయిడ్లు వాడి, మ్యూకార్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) బారిన పడి, కళ్లు పోగొట్టుకున్న ఉదంతాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి.

రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని వేలి మీద చూపే పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉండాలి, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే రోగి మామూలు అంకె ఎంతో రాసుకోవాలి. గోరింటాకు, గోళ్లరంగు, చల్లబడిన వేళ్లు అంకెను తప్పుగా చూపిస్తాయి. నలుపు చర్మం ఉన్నవారిలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. వేలిని వెచ్చబరచి, కదలకుండా ఒక నిమిషం ఉంచి చూడాలి. 94 కంటే తగ్గితే ఆస్పత్రికి బయలుదేరాలి, 90 కంటే తగ్గితే అది అత్యవసరం, 108కి ఫోన్ చేయాలి. అంకె బాగానే ఉండి ఆయాసం, ఛాతీలో నొప్పి, మత్తు, మాట తడబడటం ఉంటే అంకెను నమ్ముకుని కూర్చోకూడదు.

మా ఇంట్లో ఈ సమాచారమంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. నేను బడిలో, మా వారు ఆఫీసులో ఉన్న వేళ మామయ్యగారు ఒక్కరే ఏమి చేయాలో దాన్ని చూసి చేయగలగాలని పెద్ద అక్షరాలతో రాశాను. పైన అత్తయ్యగారి పేరు, వయసు, రక్తవర్గం, మార్పిడి జరిగిన తేదీ. దాని కింద మందుల పేర్లు, మోతాదు, వేళ. టీకా డోసుల తేదీలు. వైద్యుడి ఫోన్, ఆస్పత్రి ఫోన్, 104, 108. మామూలుగా ఉండే ఆక్సిజన్ అంకె, బీపీ. ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టుల ఫైలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో. ఆటో అతని నంబరు. చివరి వరుసలో, వైద్యుడు చెప్పనిదే ఏ మాత్రా ఆపకూడదని ఎర్ర సిరాతో. మందుల మోతాదు మారినప్పుడల్లా కాగితం మార్చాలి, పాతదాన్ని చించివేయాలి. రెండు కాగితాలు ఉంటే కంగారులో పాతదే చేతికి వస్తుంది.